కుర్రాడు కాలేజీని చూసి రాడు, కోచ్‌ను చూసి వస్తాడు

2022 డిసెంబర్‌లో కొలరాడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి కొత్త హెడ్ కోచ్ వచ్చాడు. పేరు డియాన్ శాండర్స్. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకప్పుడు మోత మోగించిన ఆటగాడు. ‘ప్రైమ్ టైమ్’ అన్న ఆయన ముద్దుపేరు చెబితే అమెరికాలో తెలియనివాళ్లు తక్కువ. కొలరాడో ఆ ఏడాది పన్నెండు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. కొత్త కోచ్ ఏం ఓదారుస్తాడో అని కుర్రాళ్లు మీటింగ్ హాల్లో కూర్చుంటే, ఆయన వచ్చీ రాగానే చెప్పిందేమిటంటే: నా సామాను నేను తెచ్చుకుంటున్నా, అది ఖరీదైన లూయీ బ్రాండు సామాను, మీలో చాలామంది పోర్టల్‌లో (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల జాబితాలో) పేరు రాయించుకుని వేరే దారి చూసుకుంటే మంచిది. పక్కన కెమెరా నడుస్తూనే ఉంది. ఆ వీడియో దేశమంతా తిరిగింది.

కొలరాడోలో ఆ గదిలో ఉన్న కుర్రాడికి అది చెంపదెబ్బ. ఫ్లోరిడాలోనో జార్జియాలోనో ఫోన్‌లో అదే వీడియో చూసిన కుర్రాడికి అది ఆహ్వానం. ‘ఈయన దగ్గరికి వెళ్తే నేనే ఆ లూయీ సామాను’ అనుకున్నాడు వాడు. పాతవాళ్లు గుంపులు గుంపులుగా వెళ్లిపోయారు. కొత్తవాళ్లు అంతకంటే పెద్ద గుంపులుగా వచ్చారు. 2023 సీజన్ మొదటి మ్యాచ్‌లో, అంతకుముందు ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన టీసీయూని (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 45-42తో ఓడించేసరికి అమెరికా మొత్తం కొలరాడో వైపు తిరిగింది. ఆ ఏడాది చివరికి లెక్క చూస్తే 4 గెలుపులు, 8 ఓటములు. మరుసటి ఏడాది 9-4, పైగా ఆ టీమ్ ఆటగాడు ట్రావిస్ హంటర్‌కి హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఆ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే బహుమతి. ఆ తర్వాత 2025లో మళ్లీ 3-9.

కోచింగ్ స్టాఫ్ తీరు టీమ్‌ని ఎంత మారుస్తుందన్న ప్రశ్నకు ఈ నాలుగేళ్ల కొలరాడో లెక్కల్లోనే రెండు రకాల జవాబులూ ఉన్నాయి. చాలా మారుస్తుంది. కానీ ఎటువైపు, ఎన్నాళ్లు అన్నది అంత తేలిగ్గా చెప్పలేం.

ముందు కొంచెం నేపథ్యం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్, మన దగ్గర ఆడేది కాదు. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌లోనూ లక్ష దాటుతుంది. ఆ ఊరు కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్ చదివిన మనవాళ్లని అడగండి, మ్యాచ్ ఉన్న శనివారం పార్కింగ్ కోసం ఎన్ని చుట్లు తిరగాలో చెబుతారు.

అసలు మెలిక ఇంకొకటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది. ఏ టీమ్ ఎంచుకుంటే ఆటగాడు అక్కడికే వెళ్లాలి, ఇష్టాయిష్టాలతో పని లేదు. కాలేజీల్లో డ్రాఫ్ట్ లేదు. పదిహేడేళ్ల కుర్రాడు ఎక్కడికి వెళ్లాలో వాడే తేల్చుకుంటాడు. అంటే వందకు పైగా పెద్ద కాలేజీలు వాడి గుమ్మం దగ్గర క్యూ కట్టి ఒప్పించుకోవాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లాడి ఇంటికి మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు స్వీట్ బాక్సు పట్టుకుని, ఫీజులో రాయితీ ఇస్తామంటూ రావడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. మన దగ్గర పీఆర్వో అడ్మిషన్ అయ్యాక మళ్లీ కనిపించడు. అక్కడ ఇంటికొచ్చి అమ్మతో కబుర్లు చెప్పిన మనిషే రేపు పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో ఆ పిల్లాడి మీద అరుస్తాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ‘ఒకే మనిషి’ అన్న విషయం చుట్టూనే తిరుగుతుంది. కోచ్ మెత్తనా, కఠినమా అన్నది ఫలితాన్ని అంతగా తేల్చదు. సోఫాలో కూర్చున్నప్పటి ముఖం, గ్రౌండ్‌లో కనిపించే ముఖం ఒకటేనా కాదా అన్నది తేలుస్తుంది.

రిక్రూటింగ్ చేసేది ఎవరు

టీవీలో కనిపించేది హెడ్ కోచ్. కుర్రాడితో రెండేళ్లు రోజూ మెసేజ్‌లు నడిపేది మాత్రం అసిస్టెంట్ కోచ్. పెద్ద కాలేజీలో హెడ్ కోచ్ కింద పదిమంది అసిస్టెంట్లకు బయటికెళ్లి రిక్రూట్ చేసే అనుమతి ఉంటుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకడు, దాన్ని పట్టుకునే రిసీవర్లకు ఒకడు, ముందు వరసలో ఢీకొట్టే లైన్‌మెన్‌కి ఒకడు, ఇలా. వీళ్లు ఏరియాలు కూడా పంచుకుంటారు. ఒకడికి హ్యూస్టన్, ఒకడికి అట్లాంటా, ఒకడికి దక్షిణ ఫ్లోరిడా. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం కుర్రాడు హైస్కూల్ మూడో ఏడాది, అంటే పదకొండో క్లాసుకి వచ్చాక సెప్టెంబర్ 1 నుంచి నేరుగా మెసేజ్‌లు పంపొచ్చు. ఆ అర్ధరాత్రి పన్నెండు దాటిన నిమిషం నుంచే మంచి ఆటగాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎప్పుడు ఇంటికెళ్లొచ్చు, ఎప్పుడు కాలేజీకి పిలవొచ్చు, ఎప్పుడు అసలు కలవకూడదు అన్నదానికి ఏడాది పొడవునా క్యాలెండర్ ఉంటుంది.

ఈ వేటలో వేషాలు కూడా బోలెడు. మిషిగన్‌లో హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు జిమ్ హార్బా ఒక కిక్కర్ ఇంట్లో రాత్రి పడుకునే వరకూ వెళ్లాడు. ఇంకో కుర్రాడి ఇంటి దగ్గర చెట్టెక్కాడు. నవ్వొస్తుంది కానీ, కుర్రాడి చెల్లెలికి, తాతకి ఆ కోచ్ జీవితాంతం గుర్తుంటాడు. సంతకం పెట్టేది కుర్రాడే అయినా నిర్ణయం ఇంటిల్లిపాదిదీ.

వేషాలకంటే ముఖ్యమైన చోటు ఇంకొకటుంది. కుర్రాణ్ని కాలేజీ తన ఖర్చుతో రెండు రోజులు పిలిపించుకుంటుంది, అఫీషియల్ విజిట్ అంటారు. పగలంతా స్టేడియం, జిమ్, జెర్సీ వేసి ఫొటోలు, కోచ్ ఇంట్లో భోజనం. రాత్రి కాగానే కోచ్‌లు పక్కకు తప్పుకుని, టీమ్‌లో ఉన్న ఆటగాడొకడికి ఈ కుర్రాణ్ని అప్పజెబుతారు. అసలు ఇంటర్వ్యూ అప్పుడు జరుగుతుంది. ‘అన్నా, ఈయన నిజంగా ఇలాగే ఉంటాడా?’ అని కుర్రాడు అడుగుతాడు. అవతలివాడు ఒక్క క్షణం ఆగి నవ్వినా చాలు, పగలంతా చేసిన మర్యాద కొట్టుకుపోతుంది. గాయమైనవాణ్ని ఎలా చూశారు, బెంచీ మీద కూర్చున్నవాడితో మాట్లాడతారా, నెగ్గినప్పుడు ఎవరి పేరు చెబుతారు, ఓడినప్పుడు ఎవరి మీదికి తోస్తారు, ఇవన్నీ ఆ రాత్రి బయటికొస్తాయి. బ్రోషర్‌లో రాసుకున్న ‘ఫ్యామిలీ’ అన్న మాటకు విలువ అక్కడే తేలుతుంది. (ఫ్యామిలీ అని చెప్పుకోని కాలేజీ టీమ్ నాకైతే ఇంతవరకు కనబడలేదు.)

ఇంకో వర్గం కూడా ఉంది, హైస్కూల్ కోచ్‌లు. టెక్సాస్ లాంటి చోట్ల వీళ్ల మాటకు చాలా బరువు. ఒక కాలేజీ వీళ్ల స్కూల్ కుర్రాడికి ఆఫర్ ఇచ్చి, సంతకాల రోజుకి వారం ముందు చల్లగా వెనక్కి తీసుకుంటే ఆ కుర్రాడొక్కడితో పోదు. మరుసటి ఏడాది ఆ స్కూల్ నుంచి మంచివాడు తయారైనప్పుడు ఆ కాలేజీ ఫోన్‌కి జవాబు ఆలస్యంగా వస్తుంది.

అరవడం వేరు, హీనంగా చూడటం వేరు

నిక్ సేబన్ అలబామాలో 2007 నుంచి 2023 సీజన్ దాకా హెడ్ కోచ్‌గా ఉన్నాడు. అక్కడ ఆరు జాతీయ టైటిళ్లు, అంతకుముందు లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో ఒకటి. ఆయన సైడ్‌లైన్‌లో హెడ్‌సెట్ విసిరికొట్టిన వీడియోలు కోకొల్లలు. నలభై పాయింట్ల తేడాతో గెలుస్తున్నా అసిస్టెంట్ మీద కేకలేసేవాడు. మీడియా పొగడ్తలను ‘ఎలుకల మందు’ అన్నాడు. మెత్తని మనిషి అని ఆయన్ని ఎవరూ అనలేదు. అయినా దేశంలో మొదటి వరస కుర్రాళ్లు ఏటా అక్కడికే క్యూ కట్టేవారు. ఎందుకు?

ఒక కారణం లెక్కల్లో ఉంది. అలబామాలో ఆయన చేతి కింద ఆడి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో పోయినవాళ్లు నలభై మందికి పైనే. రెండో కారణం, ఆ కఠినం అందరికీ ఒకటే. ఐదు నక్షత్రాల రేటింగ్‌తో వచ్చిన మేటి కుర్రాడికీ అదే తిట్టు, స్కాలర్‌షిప్ లేనివాడికీ అదే తిట్టు. ముందే చెప్పి మరీ తిట్టేవాడు. రోజువారీ పని ఇలా ఉంటుంది, దీన్ని ‘ప్రాసెస్’ అంటాం, ఇష్టమైతే రా అని. అంటే కుర్రాడికి తను ఏం కొనుక్కుంటున్నాడో తెలుసు. స్టాఫ్ విషయంలోనూ అంతే. వేరే చోట ఉద్యోగం పోయిన హెడ్ కోచ్‌లు, లేన్ కిఫిన్, స్టీవ్ సార్కిసియన్ లాంటివాళ్లు, ఆయన దగ్గరికొచ్చి పనిచేసి మళ్లీ హెడ్ కోచ్‌లయ్యారు. ఆయన ఎంత తిరిగేవాడంటే, 2008లో హెడ్ కోచ్‌లు వసంతకాలంలో స్కూళ్ల చుట్టూ తిరగకూడదని ఎన్‌సీఏఏ పెట్టిన నియమానికి జనం ‘సేబన్ రూల్’ అనే పేరు పెట్టారు.

ఆయన 2024 జనవరి 10న రిటైర్‌మెంట్ ప్రకటించగానే జరిగింది చూడండి. ఆ వెంటనే అలబామా ఆటగాళ్లకు ముప్పై రోజుల పాటు వేరే చోటికి వెళ్లే వెసులుబాటు తెరుచుకుంది. దేశంలోనే మేటి సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాపు కాసే ఆటగాడు) అనిపించుకున్న కేలెబ్ డౌన్స్, అప్పుడే చేరిన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్, ఇద్దరూ ఒహాయో స్టేట్‌కి వెళ్లిపోయారు. ఒహాయో స్టేట్ ఆ సీజన్ జాతీయ టైటిల్ కొట్టింది. అలబామా స్టేడియం అక్కడే ఉంది, జెర్సీ అదే, డబ్బూ తగ్గలేదు. పోయింది ఒక్క మనిషి.

ఇప్పుడు దీనికి రెండో వైపు. ఇది చెప్పడం కష్టమే అయినా వదిలేస్తే వ్యాసానికి అర్థం ఉండదు.

2018 మే 29న మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నేర్ అనే పందొమ్మిదేళ్ల లైన్‌మన్ ప్రాక్టీసులో వరుసగా పరుగులు తీస్తూ కుప్పకూలాడు. వడదెబ్బ. అలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని ఒంటిని చల్లటి నీళ్లలో ముంచడం. అది జరగలేదు. శరీర ఉష్ణోగ్రతా సరిగా చూడలేదు. జూన్ 13న చనిపోయాడు. ఆగస్టులో స్పోర్ట్స్ ఛానల్ ఈఎస్‌పీఎన్ కథనంతో ఆ టీమ్‌లో ఆటగాళ్లను ఎలా అవమానించేవారో, ఎలా భయపెట్టేవారో బయటపడింది. స్ట్రెంగ్త్ కోచ్ ఉద్యోగం వదిలి వెళ్లాడు. పక్కన పెట్టిన హెడ్ కోచ్ డీజే డర్కిన్‌ని బోర్డు వెనక్కి తెచ్చినట్టే తెచ్చింది, విద్యార్థులు, ఆటగాళ్లు, రాజకీయ నాయకులు మండిపడ్డాక మర్నాడే, అక్టోబర్ 31న, యూనివర్సిటీ తొలగించింది. కుటుంబానికి 2021లో 35 లక్షల డాలర్ల పరిహారం ఒప్పుకున్నారు.

విచారణ కమిషన్ నివేదికలో ఒక మాట నన్ను ఇప్పటికీ వదలదు. టీమ్ వాతావరణాన్ని ‘విషపూరితం’ అని వాళ్లు తేల్చలేదు. చాలామంది ఆటగాళ్లు నోరు విప్పడానికి భయపడటం వల్ల సమస్యలు లోపలే కుళ్లాయి అన్నారు. కోచ్ తీరు ఆటగాడి ఒంటి మీద పనిచేసేది సరిగ్గా ఇక్కడ. ‘సర్, నాకు బాగోలేదు’ అని చెప్పగలిగే టీమ్‌లో కుర్రాడు పక్కకెళ్లి కూర్చుంటాడు. చెప్పలేని టీమ్‌లో ఇంకో రౌండ్ పరిగెడతాడు.

స్ట్రెంగ్త్ కోచ్ అనే మాట ఇక్కడ ఊరికే రాలేదు. ఒంటి బలం, కండలు పెంచే ఆ కోచ్‌ని బయటివాళ్లు పట్టించుకోరు. కానీ సీజన్ లేని నెలల్లో మిగతా కోచ్‌లు ఆటగాళ్లతో గడిపే సమయానికి గట్టి పరిమితులుంటాయి, పైగా వాళ్లు రిక్రూటింగ్ కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటారు. అప్పుడంతా కుర్రాళ్లు పొద్దున్నే చూసేది ఈయన ముఖమే. టీమ్ స్వభావం ఏమిటో హెడ్ కోచ్ ప్రెస్ మీట్‌లో కన్నా వెయిట్ రూమ్‌లో బాగా తెలుస్తుంది.

అయోవాలో బయటపడిందీ అక్కడే. 2020 జూన్‌లో, పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాతి రోజుల్లో, అక్కడ ఆడి వెళ్లిన జేమ్స్ డేనియల్స్ ఒక ట్వీట్ పెట్టాడు. అయోవా ఫుట్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్లను చాలాకాలంగా అన్యాయంగా చూస్తున్నారని దాని సారాంశం. దాని కింద పాత ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు తమ అనుభవాలు రాశారు. ఎక్కువమంది వేలు చూపించింది స్ట్రెంగ్త్ కోచ్ క్రిస్ డాయిల్ వైపు. ఆయన జాతి వివక్ష ఆరోపణలను ఖండించాడు. పదకొండు లక్షల డాలర్లతో ఒప్పందం చేసుకుని యూనివర్సిటీ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. మాజీ ఆటగాళ్ల దావా 2023లో దాదాపు 42 లక్షల డాలర్లతో రాజీ అయింది.

కథ ఇక్కడితో అయిపోతే ‘చెడు తీరు, చెడు ఫలితం’ అని గీత గీసేయొచ్చు. అయోవా అలా కూలిపోలేదు. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి ఉన్నవాడు, ఇన్నేళ్లూ తన కళ్లు ఎక్కడున్నాయని అడగడానికి అందరికీ హక్కుంది. ఆయన అప్పటి ఆటగాళ్లను కూర్చోబెట్టి విన్నాడు. ట్విట్టర్ వాడకూడదు, బిల్డింగ్‌లో టోపీ, చెవిపోగు పెట్టకూడదు లాంటి పాత ఆంక్షలు ఎత్తేశాడు. మరుసటి ఏడాది, 2021లో, టీమ్ పది మ్యాచ్‌లు గెలిచింది. దీన్ని ఆయనకు క్లీన్ చిట్‌గా నేను చూడను. కాకపోతే కోచ్ తీరు రాతి మీద చెక్కింది కాదని, ఆలస్యంగానైనా మారవచ్చని ఇందులో కనిపిస్తుంది.

నక్షత్రాలు ఎక్కువై టీమ్ తక్కువైనప్పుడు

రిక్రూటింగ్ సైట్లు ప్రతి కుర్రాడికీ నక్షత్రాలిస్తాయి. ఐదు నక్షత్రాలు దేశం మొత్తం మీద ఏటా ముప్పై చిల్లర మందికే వస్తాయి. ఈ నక్షత్రాలు ఉత్త హడావుడి కాదు. బడ్ ఎలియట్ అనే విశ్లేషకుడు ‘బ్లూ చిప్ రేషియో’ అని ఒక కొలత పెట్టాడు. గత నాలుగేళ్లలో సంతకం పెట్టించుకున్నవాళ్లలో సగానికి పైగా నాలుగైదు నక్షత్రాలవాళ్లయితేనే జాతీయ టైటిల్ గెలుస్తారని. ఏళ్ల తరబడి అది అచ్చంగా నిజమైంది.

2022లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చేసిన రిక్రూటింగ్ ఆ కొలతకు పరాకాష్ఠ. హెడ్ కోచ్ జింబో ఫిషర్ ఆధ్వర్యంలో వచ్చిన ఆ బ్యాచ్‌కి 247 స్పోర్ట్స్ సైట్ తన చరిత్రలోనే అత్యధిక స్కోరు ఇచ్చింది. ‘ఆటగాళ్లందరినీ డబ్బిచ్చి కొన్నారు’ అని సేబన్ అంటే, ఫిషర్ మర్నాడే ప్రెస్ మీట్ పెట్టి ఆయన్ని ఉతికేశాడు. సరే, ఆ ఘనమైన బ్యాచ్‌తో 2022 సెప్టెంబర్‌లో సొంత స్టేడియంలో అపలాచియన్ స్టేట్ అనే చిన్న టీమ్ చేతిలో 17-14తో ఓడారు. సీజన్ 5-7. బ్యాచ్‌లో చాలామంది ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2023 నవంబర్‌లో ఫిషర్‌ని పంపించేశారు. కాంట్రాక్టు ప్రకారం, పని చేయకుండా ఇంట్లో కూర్చున్నందుకు ఆయనకు చెల్లించాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే.

ఆ స్థానంలోకి వచ్చిన మైక్ ఎల్కో ఒకప్పుడు అక్కడే ఫిషర్ దగ్గర డిఫెన్స్ చూసినవాడు. రెండో ఏడాది, 2025లో, రెగ్యులర్ సీజన్ 11-1తో ముగించాడు. అదే స్టేడియం, అదే డబ్బు.

కుర్రాణ్ని తీసుకురావడం ఒక పని, నిలబెట్టుకోవడం ఇంకో పని అని ఒకప్పుడు కోచ్‌లు పట్టించుకోనక్కర్లేదు. వేరే కాలేజీకి వెళ్తే ఏడాది పాటు బెంచీ మీద కూర్చోవాలన్న నియమం కుర్రాణ్ని కట్టిపడేసేది. మోసపోయినా కదలలేడు. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. కుర్రాడు ఆ జాబితాలో పేరు రాయించుకుంటే చాలు, మిగతా కాలేజీలు ఫోన్ చేయొచ్చు. 2021లో మొదటిసారి మారినవాడు వెంటనే ఆడొచ్చన్నారు. 2024కి ఎన్నిసార్లు మారినా ఆడొచ్చన్న దాకా వచ్చింది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు, దాన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి రెండు కోట్ల డాలర్లు దాటింది.

దీనితో మారిందేమిటంటే, సంతకంతో రిక్రూటింగ్ అయిపోవడం లేదు. ప్రతి జనవరిలో కోచ్ తన సొంత ఆటగాళ్లను మళ్లీ ఒప్పించుకోవాలి. సోఫాలో చెప్పిన అబద్ధం ఒకప్పుడు నాలుగేళ్ల దాకా బాకీ పడి ఉండేది. ఇప్పుడు పన్నెండు నెలల్లో వసూలుకొస్తుంది.

డబ్బొచ్చాక కోచ్ తీరుతో పనేముంది, ఎక్కువ ఇచ్చినవాడిదే కుర్రాడు కదా అని అడిగేవాళ్లున్నారు. కొంత నిజం. ఒక చోట మూడు రెట్లు ఎక్కువిస్తుంటే ఏ తల్లీ మంచి మాటలు విని ఆగిపోదు, ఆగిపొమ్మని చెప్పడానికి మనమెవరం. అయితే మొదటి వరస కాలేజీలన్నీ ఇంచుమించు ఒకటే ఇవ్వగలిగినప్పుడు తూకం మళ్లీ మనిషి దగ్గరికే వస్తుంది.

నమ్మకమే మొండితనమైతే

తీరు అంటే తిట్టడం, మెచ్చుకోవడం మాత్రమే అనుకుంటే క్లెమ్సన్ యూనివర్సిటీ కథ అర్థం కాదు. డాబో స్విన్నీ 2008లో అక్కడ సీజన్ మధ్యలో తాత్కాలిక హెడ్ కోచ్ అయ్యాడు, అప్పటికి రిసీవర్ల కోచ్. విధేయత, కుటుంబం, దేవుడు, ఇదీ ఆయన భాష. స్టాఫ్‌లో ఖాళీ వస్తే లోపలివాళ్లకే ఇచ్చేవాడు. ఆటగాళ్లను పద్దెనిమిదేళ్లప్పుడు తెచ్చి పెంచుకునేవాడు. 2015 నుంచి 2020 దాకా వరుసగా ఆరేళ్లు ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం మేటి టీమ్‌ల మధ్య జరిగే చివరి పోటీ), 2016, 2018 సీజన్లలో జాతీయ టైటిళ్లు. కుర్రాళ్లు ఆయన మాట నమ్మి వచ్చారు, ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

ఆటా, నియమాలూ మారాక కూడా ఆయన మారలేదు. పోర్టల్ నుంచి తెచ్చుకుంటే ఉన్నవాళ్లను నమ్మనట్టే కదా అన్నది ఆయన వాదం. 2024 సీజన్‌కు పోర్టల్ నుంచి ఒక్కణ్ని కూడా తీసుకోలేదు. దాని మీద నాకు గౌరవం ఉంది, చాలామంది కోచ్‌లకు లేని నిజాయితీ అది. కానీ ఒక పొజిషన్‌లో బలం లేదని తెలిసి, బయట దొరికేవాణ్ని వద్దనుకుంటే, ఆ భారం పడేది మిగతా ఆటగాళ్ల మీదే. 2025 సీజన్‌ని దేశంలో నాలుగో ర్యాంకుతో మొదలుపెట్టి 7-6తో ముగించారు. 2023లో ఇంకో గడ్డు కాలంలో, ఇంత జీతం తీసుకుని ఇదేమిటని ఒక అభిమాని రేడియోకి ఫోన్ చేసి అడిగితే, స్విన్నీ నిమిషాల తరబడి ఆ మనిషిని కడిగేశాడు. ఆ తర్వాత టీమ్ వరుసగా ఐదు మ్యాచ్‌లు గెలిచిందిలెండి. కోపం కూడా ఒక్కోసారి టీమ్‌ని దగ్గర చేస్తుంది.

స్విన్నీకి పూర్తి వ్యతిరేకం ఇండియానా. అమెరికా పెద్ద కాలేజీల్లో అప్పటిదాకా ఓటములకు మారుపేరు ఆ టీమ్. 2023లో 3-9. ఆ నవంబర్ చివర్లో కర్ట్ సిగ్నెటీని హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. అరవై దాటిన మనిషి. సేబన్ దగ్గర రిక్రూటింగ్ చూసి, అక్కణ్నుంచి హెడ్ కోచ్ అవ్వాలని చిన్నా చితకా కాలేజీలకు వెళ్లి గెలుచుకుంటూ వచ్చినవాడు. ఇలాంటి టీమ్‌కి కుర్రాళ్లను ఏం చెప్పి ఒప్పిస్తారని విలేకరి అడిగితే, ‘సింపుల్. నేను గెలుస్తా. గూగుల్ చేసుకోండి’ అన్నాడు.

పొగరులా వినిపిస్తుంది. కాస్త పొగరే. కానీ ఆయన వెనకే అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి పదమూడు మంది ఆటగాళ్లు, ఇద్దరు కోఆర్డినేటర్లు (అటాక్, డిఫెన్స్ చూసే పెద్ద అసిస్టెంట్లు) బ్యాగులు సర్దుకుని వచ్చేశారు. కోచ్ గురించి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ సర్వేలోనూ దొరకదు. ఆయన దగ్గర రోజూ చెమటోడ్చినవాళ్లు, వేరే చోట్లకు వెళ్లే వీలుండీ, ఆయన వెంటే వచ్చారు. నక్షత్రాలకన్నా నిజంగా మైదానంలో ఏం చేశావన్నదే ఆయన చూస్తాడు. 2024లో 11-2. 2025లో ఒక్క ఓటమి లేకుండా 16-0, ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించి తాము ఆడే కాన్ఫరెన్స్ (కాలేజీల గ్రూపు) బిగ్ టెన్ టైటిల్, క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకి హైస్‌మన్, 2026 జనవరిలో మయామీని 27-21తో ఓడించి జాతీయ టైటిల్. బ్లూ చిప్ రేషియో గీతకు ఎక్కడో కింద ఉన్న టీమ్ అది.

అయితే ఇక్కడొక చిక్కుముడి ఉంది, దాన్ని దాటేసి పోతే మోసం చేసినట్టవుతుంది. గెలిచిన కోచ్ చేసిందల్లా మనకు వెనక్కి తిరిగి చూస్తే జ్ఞానంలా కనిపిస్తుంది. ‘గూగుల్ చేసుకోండి’ అన్నవాడు 3-9తో ముగించి ఉంటే ఆ మాట జోకుగా మిగిలేది. తీరు గెలుపును తెస్తుందా, గెలుపు వల్ల తీరు బాగున్నట్టు కనిపిస్తుందా అన్నది విడదీయడం కష్టం. నార్త్‌వెస్టర్న్ కేసు చూడండి. 2022లో 1-11. 2023 జులైలో హేజింగ్ (టీమ్‌లో మన ర్యాగింగ్ లాంటిది) ఆరోపణలతో ఏళ్ల తరబడి ఉన్న హెడ్ కోచ్‌ని తీసేశారు. (హేజింగ్ గురించి ఏ ఆటగాడైనా ఆయనకు చెప్పినట్టు గానీ, ఆయన దాన్ని సమర్థించినట్టు గానీ ఆధారాలు రుజువు చేయలేదని 2025లో రాజీ చేసుకుంటూ యూనివర్సిటీయే చెప్పింది.) సీజన్‌కి రెండు నెలలు కూడా లేదు, టీమ్ చెల్లాచెదురు కావాలి. కొన్ని నెలల క్రితమే డిఫెన్స్ కోచ్‌గా చేరిన డేవిడ్ బ్రాన్‌కి పగ్గాలిచ్చారు. ఎవరూ ఊహించని విధంగా 8-5. ఆ కుర్రాళ్లను కలిపింది కోచ్ తీరా, లోకమంతా తమ మీద పడిందన్న కసా? రెండూ అయ్యుంటాయి.

అందుకే నేను గెలుపు లెక్కలకన్నా వేరే గుర్తులు చూస్తాను. కోచ్ ఉద్యోగం మారితే వెంట ఎవరు వెళ్లారు. ఓడిన ఏడాది ఎంతమంది ఉండిపోయారు. అసిస్టెంట్లు ఏటా మారిపోతున్నారా. ఆడే అవకాశం అంతగా రాని నాలుగో ఏడాది కుర్రాడు అఫీషియల్ విజిట్‌కి వచ్చినవాడికి రాత్రి ఏం చెబుతున్నాడు. ఈ చివరిదానికి లెక్కలు దొరకవు.

చివరిగా, తీరు రిక్రూటింగ్ మీద పనిచేసే ఇంకో దారి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎవరూ అడగనివాడి ఈమెయిల్‌ని కోచ్ తెరుస్తాడా లేదా అన్నది.

కాలిఫోర్నియాలో ఫైర్‌బా అని ఒక చిన్న ఊరు. పత్తి పొలాల మధ్య పెరిగిన జాష్ ఆలెన్ అనే కుర్రాడు హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీ ఏదీ పిలవక రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో చేరాడు. అక్కడ బాగా ఆడి, దేశంలో ఉన్న కాలేజీ కోచ్‌లందరి అడ్రస్‌లు వెతికి, వీడియో జతచేసి వందల కొద్దీ ఈమెయిళ్లు పంపాడు. హెడ్ కోచ్‌లకు, అసిస్టెంట్లకు, ఎవరి అడ్రస్ దొరికితే వాళ్లకు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. వయోమింగ్ నుంచి హెడ్ కోచ్ క్రెయిగ్ బోల్ స్టాఫ్ మాత్రం వచ్చి చూసి స్కాలర్‌షిప్ ఇచ్చింది. 2018 డ్రాఫ్ట్‌లో బఫలో బిల్స్ అతణ్ని ఏడో ఆటగాడిగా ఎంచుకుంది. 2024 సీజన్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తానికి ఎంవీపీ (ఆ సీజన్ మేటి ఆటగాడు) అతనే.

చిన్నప్పటి నుంచీ అతను ఆడాలనుకున్న టీమ్ ఫ్రెస్నో స్టేట్. వాళ్ల పొలం నుంచి కారులో గంట దూరం. అక్కణ్నుంచి ఆఫర్ రాలేదు.